మీ ప్రశ్నలు, నా జవాబులు: అక్షరం దాచుకుని బతికిన కవి

పోయిన నెల ఈ శీర్షికలో ఒక పాఠకుడు "పరాయి దేశంలో ఉంటూ సొంత భాషలో రాసుకునేవాళ్ళ గురించి చెప్పండి" అని అడిగితే, కంబోడియా కవి ఊ సామ్ ఓర్ గురించి నాలుగు ముక్కలు రాశాను. చదువు రానివాడిలా నటించి ప్రాణం దక్కించుకున్నాడని, తర్వాత అమెరికా వెళ్ళి కవిత్వం, అనువాదాలు చేశాడని, అంతే. ఆ నాలుగు ముక్కల మీదే ఇన్ని ఉత్తరాలొస్తాయని నేననుకోలేదు. అందుకే ఈ నెల మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను, మిగతావాళ్ళు ఏమీ అనుకోకండి.

మేడమ్, నాకు నమ్మబుద్ధి కాలేదు. అమెరికాలో చదువుకున్న మనిషి దాదాపు నాలుగేళ్ళు చదువు రానట్టు ఎలా నటిస్తాడు? పక్కనున్నవాళ్ళు కనిపెట్టరా? అసలు అంత అవసరం ఏమొచ్చింది?
– డిగ్రీ విద్యార్థి, గాజువాక

బాబూ, మొదటిసారి చదివినప్పుడు నాకూ అలాగే అనిపించింది. ముందు అవసరం సంగతి చెప్తాను. 1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ అనే కంబోడియా కమ్యూనిస్టుల సైన్యం రాజధాని ఫ్నోంపెన్‌లోకి వచ్చింది. వచ్చిన రోజు నుంచే ఊరు ఖాళీ చేయించడం మొదలుపెట్టారు, ఆస్పత్రుల్లో మంచం మీదున్నవాళ్ళతో సహా అందర్నీ రోడ్డెక్కించి పల్లెలకు తోలేశారు. డబ్బు రద్దు చేశారు, బడులు మూసేశారు, బజార్లు లేవు, ఉత్తరాలు లేవు. పట్నం నుంచి వచ్చినవాళ్ళకి "కొత్త మనుషులు" అని పేరు పెట్టి, వాళ్ళలో చదువుకున్నవాళ్ళనీ పాత ప్రభుత్వంలో పనిచేసినవాళ్ళనీ ఏరి చంపారు. కళ్ళజోడు ఉన్నా అనుమానమే. 1979 జనవరి 7న వియత్నాం సైన్యం వచ్చి ఆ పాలనను పడగొట్టేదాకా ఇది సాగింది. 3 ఏళ్ళ 8 నెలల 20 రోజులు అని అక్కడివాళ్ళు ఇప్పటికీ రోజులతో సహా లెక్క చెబుతారు. 80 లక్షల లోపు జనం ఉన్న దేశంలో 17 నుంచి 20 లక్షల మంది పోయారని అంచనా, కొంతమందిని చంపేశారు, మిగతావాళ్ళు ఆకలికీ జబ్బుకీ చాకిరీకీ పోయారు. జాతీయ గ్రంథాలయం ఆవరణలో పందుల్ని పెంచారు. ఇది చదివిన రోజు నేను అన్నం సరిగా తినలేకపోయాను.

ఇప్పుడు ఈయన సంగతి చూడు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో కవిత్వం రాయడంలో మాస్టర్స్ డిగ్రీ, 1968లో. తిరిగొచ్చాక పాత ప్రభుత్వ కాలంలో చట్టసభ సభ్యుడు కూడా. పట్టుబడితే చావు ఖాయం అనడానికి ఇంతకంటే ఏం కావాలి? చేతిరాత ప్రతులు తనే నాశనం చేసుకున్నాడు. కుటుంబంతో పాటు ఒక శిబిరం నుంచి ఇంకో శిబిరానికి, అలా ఆరు శిబిరాలు తిరిగాడు, అన్నిచోట్లా వేలిముద్రగాడిలాగే.

ఎలా కుదిరిందంటే, ఆయన పట్నంలో పుట్టినవాడు కాదు. 1936లో స్వాయ్ రియెంగ్ అనే జిల్లాలో రైతు కుటుంబంలో పుట్టాడు, చిన్నప్పుడు గేదెలు కాశాడు, పొలం పని చేశాడు. నారు పట్టుకునే తీరులో, బురదలో అడుగేసే తీరులో మనిషి దొరికిపోతాడు కదా, మా ఇంట్లో పెళ్ళయి వచ్చిన కొత్తలో నేను వరి నాట్లకి దిగితే పది నిమిషాల్లో కూలీ ఆడవాళ్ళు "టవును పిల్ల" అని తేల్చేశారు. ఆయనకి ఆ పని చేతుల్లోనే ఉంది. పుస్తకాలు నేర్పిన చదువుని గేదెలు నేర్పిన చదువు కాపాడిందని నా ఉద్దేశం.

కానీ చేతులు ఒక ఎత్తు, కళ్ళు ఒక ఎత్తు. నువ్వొక పని చేసి చూడు. సాయంత్రం ఆర్.కె. బీచ్‌కి వెళ్ళి ఒక మురీ మిక్చర్ పొట్లం కొనుక్కో. తినడం అయ్యాక ఆ కాగితాన్ని చేతిలో పట్టుకుని, దాని మీద ఉన్నది చదవకుండా చూడు. ఏదో పాత పరీక్ష పేపరో, ఎవరిదో కరెంటు బిల్లో అయి ఉంటుంది, అవసరం లేనిది, అయినా కళ్ళు ఆగవు. చదువొచ్చినవాడి కళ్ళు అక్షరం కనిపిస్తే చాలు వాటంతట అవే పోతాయి. నేను ఎన్నిసార్లు ప్రయత్నించినా అర నిమిషం కూడా ఆగలేకపోయాను. అలాంటి కళ్ళని ఆయన మూడేళ్ళకి పైగా అదుపులో పెట్టుకున్నాడు. ఎవరైనా కాగితం చూపిస్తే అది తలకిందులుగా ఉందో సరిగ్గా ఉందో కూడా తెలియనట్టు ఉండాలి. నటన అనే మాట దీనికి చాలదు బాబూ, మన పెద్దవాళ్ళు మూగనోము అంటారే, అది.

ఇంకొకటి కూడా చెప్పాలి, చెప్పకుండా దాటేస్తే ఆయనకి అన్యాయం చేసినట్టు. 1976లో శిబిరంలో ఆయన భార్యకి కవల ఆడపిల్లలు పుట్టారు. పుట్టగానే అక్కడి మంత్రసానులే ఇద్దర్నీ చంపేశారు. ఆయన అప్పుడు ఏడవడానికి కూడా లేదు. చాలా ఏళ్ళ తర్వాత దాని మీద కవిత రాశాడు. నేను ఇంగ్లీషులో చదివాను. రెండోసారి మొత్తం చదవలేకపోయాను.

1979లో ఆ దుర్మార్గులు పోయారు కదండీ, మరి సొంత దేశం వదిలి పోవడం దేనికి? కష్టకాలం దాటాక అక్కడే ఉండి రాసుకోవచ్చు కదా?
– రిటైర్డ్ టీచర్, సీతమ్మధార

టీచరు గారూ, ఆయనా మీలాగే అనుకున్నాడు, ఉన్నాడు కూడా. 80ల్లో కొత్త ప్రభుత్వంలో పరిశ్రమల శాఖలో పనిచేశాడు. కానీ ప్రజాస్వామ్యం కావాలంటూ రాసుకున్న కవిత ఒకటి పైవాళ్ళ కంటపడింది, ఉద్యోగం పోయింది. 1992లో అయోవాలో రచయితల కార్యక్రమానికి పిలుపొస్తే వెళ్ళి అమెరికాలోనే ఉండిపోయాడు. అంటే ఒక ప్రభుత్వం కింద చదువు దాచుకోవాల్సి వచ్చింది, తర్వాతి ప్రభుత్వం కింద కవిత దాచుకోవాల్సి వచ్చింది. మొదటిది దాచగలిగాడు, రెండోది దాచలేకపోయాడు. కవిత్వం రాసేవాళ్ళకి ఇది అర్థమవుతుంది.

ఆయన ఒక్కడే కాదు. సోత్ పోలిన్ అనే నవలాకారుడు 1943లో పుట్టినవాడు, ఇరవైల్లోనే పేరు తెచ్చుకున్నాడు, పత్రిక నడిపాడు, పరిస్థితి బాగోలేక 1974లోనే ఫ్రాన్స్ వెళ్ళిపోయాడు. 1980లో ఫ్రెంచిలో వచ్చిన ఆయన నవలలో కథ చెప్పేది పారిస్‌లో టాక్సీ నడుపుకునే కంబోడియా మనిషి. చుత్ ఖాయ్ అని ఇంకొకాయన, కథలు రాశాడు, ఫ్రెంచి నుంచి కంబోడియావాళ్ళ ఖ్మేర్ భాషలోకి అనువాదాలు చేశాడు, ఆ పాలన దాటి బతికి ఫ్రాన్స్ చేరాడు. ఆయన జ్ఞాపకాల పుస్తకం పేరుని తెలుగులో చెప్పాలంటే "ఖ్మేర్ రూజ్ వాళ్ళకి నేను అబద్ధం ఎలా చెప్పానంటే" అని వస్తుంది. చూడండి, ఊ సామ్ ఓర్, చుత్ ఖాయ్, వేరే వేరే ఊళ్ళవాళ్ళు, ఇద్దరినీ బతికించింది అబద్ధమే. ఖున్ స్రున్ అనే మంచి రచయిత మాత్రం మిగల్లేదు, 1978 చివర్లో చంపేశారు.

పరాయి దేశంలో అన్నం దొరుకుతుంది టీచరు గారూ, ప్రాణభయం ఉండదు, కానీ ఉదయం రాసింది సాయంత్రం చదివి "ఇక్కడ ఈ మాట బాగోలేదు" అనేవాడు దొరకడు. రచయితకి అది చిన్న లోటు కాదు. మీరు ముప్పై ఏళ్ళు క్లాసులో పాఠం చెప్పారు కాబట్టి ఒక్కసారి ఊహించుకోండి, మీరు చెబుతూనే ఉన్నారు, బెంచీలు ఖాళీ.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను, ఖాళీ ఉన్నప్పుడు చిన్న చిన్న అనువాదాలు చేస్తుంటాను. మీరు రాసింది చదివాక ఆ కవితలు కొన్ని తెలుగులోకి తేవాలనిపించింది. కానీ నాకు ఖ్మేర్ రాదు, ఇంగ్లీషు నుంచే చేయాలి. అనువాదానికి అనువాదం తప్పంటారా?
– మధురవాడ నుంచి ఒక పాఠకురాలు

తప్పు కాదమ్మా. మన తెలుగులో రష్యన్ కథలు కొన్ని ఇంగ్లీషు మెట్టు ఎక్కి వచ్చినవే, వాటిని చదివే మా తరం పెరిగింది. ఊ సామ్ ఓర్ కవితలు ఇంగ్లీషులోకి వెళ్ళింది కూడా ఆయన కూర్చుని చేసిన పనే, అయోవాలో పరిచయమైన కెన్ మెకల్లో అనే అమెరికన్ కవితో కలిసి చేశాడు. ఆ పుస్తకం 1998లో ఖ్మేర్, ఇంగ్లీషు రెండూ పక్కపక్కన పెట్టి అచ్చు వేశారు. కాబట్టి నువ్వు చదివే ఇంగ్లీషులో ఆయన చెయ్యి ఉంది, ఎవరో దూరం నుంచి చేసింది కాదు. ప్రచురించే ఉద్దేశం ఉంటే మాత్రం ముందు పబ్లిషర్‌కి మెయిల్ పెట్టి అనుమతి అడుగు. నీ కోసం చేసుకుంటే ఎవర్నీ అడగక్కర్లేదు.

ఇక అసలు సంగతి. ఇంగ్లీషువాళ్ళకి లేని సౌకర్యం నీకొకటి ఉంది. ఖ్మేర్ మాటల్లో సంస్కృతం, పాళీ బోలెడు. సాహిత్యాన్ని వాళ్ళు అక్షరశాస్త్రం అంటారు, ఉచ్చారణ కొంచెం మారుతుంది, అంతే. కవిని కవి అనే అంటారు. మన నగరమే వాళ్ళ నొకోర్, ఆంగ్‌కోర్ కూడా అదే మాట. వాళ్ళ రామాయణం పేరు రామకీర్తి, పలకడం మాత్రం రియమ్‌కే అని. లిపి కూడా పల్లవుల లిపి నుంచి పుట్టింది, మన లిపికి దూరపు చుట్టం. సముద్రానికి ఇటు ఒడ్డున మన తొట్లకొండ మీద భిక్షువులు ఏ మాటలు పలికారో అలాంటివే అటు ఒడ్డున గుళ్ళల్లో ఈ రోజుకీ వినిపిస్తున్నాయి.

కానీ ఈ చుట్టరికంలోనే పెద్ద ప్రమాదం కూడా ఉంది, జాగ్రత్త. ఖ్మేర్ రూజ్ కాలంలో అందరూ ఒకర్నొకరు "మిత్" అని పిలుచుకోవాలని రూలు. అది మన మిత్ర శబ్దమే. నువ్వు దాన్ని "మిత్రమా" అని రాశావనుకో, తెలుగు పాఠకుడికి కాలేజీ వీడ్కోలు సభ గుర్తొస్తుంది. అక్కడ ఆ పిలుపు వింటే గుండె జారిపోయేది. "కామ్రేడ్" అంటే మన శ్రీకాకుళం పోరాటం గుర్తొచ్చి ఇంకో దారిన పోతుంది. నేనైతే "మిత్" అనే ఉంచేసి, మొదటిసారి వచ్చినప్పుడే ఆ పిలుపు వెనకాల ఎవరున్నారో పాఠకుడికి తెలిసేలా వాక్యం కట్టుకుంటాను. పైవాళ్ళని "ఆంగ్‌కార్" అనేవాళ్ళు, అంటే సంస్థ. ఆంగ్‌కార్‌కి అనాసపండు కళ్ళున్నాయని జనం చెప్పుకునేవాళ్ళు. ఇది మాత్రం మనకి అర్థం చెప్పక్కర్లేదు, సీజన్లో సింహాచలం కొండ కింద బుట్టల్లో పెట్టి అమ్మే అనాసపండు చేతిలోకి తీసుకుని తిప్పి చూడు, ఎటు తిప్పినా కన్నే.

ఇంకో మాట ఉంది, దాని దగ్గర నువ్వు కచ్చితంగా ఆగిపోతావు. ఆ రోజుల్లో బతకాలంటే "బూరుగు చెట్టు నాటుకో" అని ఒకరికొకరు రహస్యంగా చెప్పుకునేవాళ్ళు. ఖ్మేర్‌లో బూరుగు చెట్టునీ మూగవాడినీ ఒకే మాటతో పిలుస్తారు, "కో" అని. అంటే ఇంటి ముందు మూగతనం నాటుకో, ఏమీ చూడలేదు, ఏమీ వినలేదు, ఏమీ తెలియదు అన్నట్టుండు అని. ఈ శ్లేష తెలుగులో రాదు. కింద గమనిక రాస్తే కవిత చల్లారిపోతుంది. చెట్టు తీసేసి "నోరు కుట్టేసుకో" అని రాస్తే అర్థం వస్తుంది, ప్రాణం పోతుంది. నేను చాలా రోజులు దీనితో కుస్తీ పట్టి చివరికి "మాటలేని బూరుగు చెట్టు నాటుకో" అని రాసుకున్నాను. పూర్తిగా తృప్తి లేదు. నీకు ఇంతకంటే మంచిది తడితే నాకు రాయి, సంతోషంగా నాది కొట్టేసి నీది పెట్టుకుంటాను.

ఆయన తన కవితల్ని ఉత్తినే చదవడు, వాళ్ళ సంప్రదాయ బాణీలో రాగం తీసి పాడతాడు. మన ఊళ్ళల్లో పద్యం పాడేవాళ్ళు చివర్లో రాగం లాగుతారు చూడు, దానికి దగ్గరగా అనుకో. అందుకని నీ అనువాదం పూర్తయ్యాక ఇంట్లో ఎవరూ లేనప్పుడు గొంతెత్తి చదువుకో. ఎక్కడ ఊపిరి ఆడట్లేదో అక్కడ తప్పుంది.

ఒక సంగతి చెప్పి వదిలేస్తాను. ఆయన వాల్ట్ విట్మన్ కవిత్వాన్ని ఖ్మేర్‌లోకి తెచ్చాడు. అమెరికాలో కూర్చుని, అమెరికావాళ్ళ కవిని, చుట్టుపక్కల చదివేవాళ్ళు పెద్దగా లేని భాషలోకి. ఎందుకు అని నన్ను ఒక సభలో ఎవరో అడిగారు, "చదివేవాళ్ళు లేనప్పుడు దండగ కదా" అని. అప్పుడు సరిగా చెప్పలేకపోయాను, ఇప్పుడు చెప్తాను. అక్షరం చూసి కళ్ళు తిప్పుకోవాల్సిన రోజులు గడిపినవాడు, ఒక్కో మాటకి తన భాషలో సరైన మాట ఏదా అని వెతుక్కుంటూ రోజంతా కూర్చోగలగడం ఉందే, దాన్ని దండగ అనే హక్కు మనకెవరికీ లేదు. ఆ భాష అంత దారుణంలో పడి నలిగిపోయి కూడా ఇంత పెద్ద కవిత్వాన్ని మోయగలదని ఆయన చూపించాడు. చదివేవాళ్ళు తర్వాత పుడతారు.

ఈ పుస్తకాలు వైజాగ్‌లో ఎక్కడ దొరుకుతాయి? తెలుగులో ఉన్నాయా?
– అక్కయ్యపాలెం పాఠకుడు

షాపుల్లో వెతకడం కంటే ఆన్‌లైన్లో తెప్పించుకోవడం తేలిక, ఇంగ్లీషులో ఉన్నాయి. కవితల పుస్తకం తర్వాత 2005లో ఆయన ఆత్మకథ కూడా వచ్చింది, ముందు అదే చదవండి, కవితలు తర్వాత ఇంకా బాగా ఎక్కుతాయి. పబ్లిక్ లైబ్రరీలో సభ్యత్వం ఉంటే తెప్పించమని అడగండి. నలుగురు అడిగితేనే కొంటారు.

అమ్మా, నాకు ఎనభై దాటాయి. మేము రంగూన్ నుంచి వచ్చినవాళ్ళం. మమ్మల్ని కాందిశీకులన్నారు, బర్మా క్యాంప్ వాళ్ళన్నారు. మా నాన్న అక్కడ మిల్లులో పనిచేస్తూ తెలుగులో పాటలు కట్టేవాడు. ఆ నోటుపుస్తకం ఒక్కటి నా పెట్టెలో ఉంది. మనవలకి తెలుగు చదవడం రాదు. ఇల్లు మారుతున్నాం, పాత పేపర్లతో పాటు వేసేద్దామంటున్నారు. మీరు రాసినాయన అంత గొప్పవాడు కాదు మా నాన్న. ఇది ఎవరికైనా పనికొస్తుందా?
– ఒక పెద్దాయన, మర్రిపాలెం

అయ్యా, మీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్, ఈ పత్రిక మీ చేతికి అందేలోపు ఆ పుస్తకం ఎక్కడ పోతుందోనని. దయచేసి ఎవరికీ ఇవ్వకండి.

మన ఉత్తరాంధ్ర నుంచి ఎంతమంది ఓడెక్కి రంగూన్ వెళ్ళారో మీకు నేను చెప్పేదేముంది. కోరంగి రేవు పేరు మీద అక్కడ మనవాళ్ళందర్నీ కొరంగీలు అనేవాళ్ళు. 1942లో జపాను బాంబులకి భయపడి కాలినడకన అడవులు దాటి వచ్చినవాళ్ళు కొందరు, 1964లో అక్కడి ప్రభుత్వం షాపులూ వ్యాపారాలూ స్వాధీనం చేసుకున్నాక కట్టుబట్టలతో వచ్చినవాళ్ళు ఇంకొందరు. మీరు పుట్టిన దేశం వదిలి, మీ భాష మాట్లాడే దేశానికి వచ్చారు, అయినా ఇక్కడివాళ్ళు మిమ్మల్ని క్యాంప్ వాళ్ళనే అన్నారు. ఊ సామ్ ఓర్‌కి దేశం పోయింది, భాష తోడు వచ్చింది. మీకు భాష ఉన్న ఊరు దొరికింది గానీ మీ మనవల దగ్గరికి వచ్చేసరికి ఆ భాష చేజారింది. ఏది ఎక్కువ బాధో తూకం వేయలేను.

గొప్పవాడు కాదు అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. పగలంతా మిల్లులో చాకిరీ చేసి, చుట్టూ బర్మా భాష వినిపిస్తుంటే, రాత్రి దీపం ముందు కూర్చుని తెలుగులో పాట కట్టాడంటే ఆ మనిషికి అది అన్నంతో సమానం. మా అమ్మమ్మ ఒక ఓడ పాట పాడేది, రంగూన్ పోయిన మొగుడి కోసం రేవులో ఎదురుచూసే ఆడమనిషి పాట, పెద్దది, ఊయల ఊపుతూ అరగంట పాడేది. మేమెవరం రాసుకోలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఆరుగురం కలిసి కూర్చున్నా మొదటి చరణం దాటదు. కంబోడియా కవి తన రాతలు తన చేత్తోనే నాశనం చేసుకున్నాడు, చేయకపోతే ప్రాణం పోయేది కాబట్టి. మనకి అలాంటి అవసరం ఏమీ లేదు కదండీ.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. లామినేషన్ చేయించొద్దు, పాత కాగితం పాడవుతుంది. విడిపోయిన పేజీలకి టేపు అంటించొద్దు. మీ మనవడి ఫోన్‌తోనే పగటి వెలుతురులో, ఎండ నేరుగా పడని చోట, ఒక్కో పేజీ ఫొటో తీయమనండి, ఖాళీ పేజీలు కూడా, అట్ట కూడా. తెలుగు రాకపోయినా ఫొటో తీయడం వచ్చు కదా. మీకు బాణీలు గుర్తుంటే మీరు పాడండి, ఆ పిల్లవాడు రికార్డు చేస్తాడు. మరిచిపోయిన చోట మరిచిపోయాననే చెప్పండి, ఊహించి పూరించొద్దు. మధ్యలో బర్మా మాటలుంటే వాటి అర్థం మీరే చెప్పాలి, మీ తర్వాత చెప్పేవాళ్ళుండరు.

నేను వచ్చే ఆదివారం పొద్దున్న పది గంటలకి మర్రిపాలెం వస్తాను. పత్రిక ఆఫీసుకి ఫోన్ చేసి మీ ఇంటి గుర్తు చెప్పండి. పుస్తకం పెట్టెలోనే ఉంచండి, నేను వచ్చాక ఇద్దరం కలిసి తీద్దాం.